జీపులో రేడియో సెట్ బిగిస్తున్నారా? ఫ్యూజ్ ఎక్కడ పెడుతున్నారో ముందు చూసుకోండి

ఇవాళ రూమ్ లేదు, టేబుల్ లేదు. బారువ బీచ్‌లో ఉన్నాను. వెనకాల కనిపిస్తున్నది లైట్‌హౌస్. పక్కన బానెట్ ఎత్తి ఉన్న జీపు మా బావది. గాలి గట్టిగా ఉంది, ఆడియోలో హోరు వస్తే సర్దుకోండి. మాట్లాడిందంతా ఎలాగూ కింద టెక్స్ట్‌గా పెడతాం.

ముందు నా చేతిలో ఉన్న ఈ వైర్ ముక్క చూడండి. మూరెడు ఉంటుంది. ఒకప్పుడు ఎర్ర వైరు. ఇప్పుడు పైన ప్లాస్టిక్ కరిగి, నల్లగా కారి, లోపల రాగి బయటపడింది. దీన్ని కాల్చింది వేరే ఎవరూ కాదు, నేనే. రెండేళ్ల క్రితం ఇదే జీపులో రేడియో సెట్ పెట్టాను. యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసి, ఇంటి వైరింగ్‌లో మిగిలిన వైరు తీసుకుని, బ్యాటరీ నుంచి సెట్ దాకా లాగేశాను. ఫ్యూజ్ పెట్టలేదా అంటే పెట్టాను. డాష్‌బోర్డ్ కింద, సెట్ పక్కన, చేతికి అందేలా నీట్‌గా పెట్టాను. సెట్ పనిచేసింది. మూడు వారాలు హ్యాపీ.

నాలుగో వారం జీడితోటల్లోంచి ఇసుక దారిలో వస్తుంటే కాలిన వాసన. తర్వాత బానెట్ సందుల్లోంచి పొగ. ఇంజన్ ఆపేశాను, పొగ ఆగలేదు. ఎందుకు ఆగుతుంది? ఆ వైరు తాళంచెవికి సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ మీద ఉంది. బ్యాటరీ టెర్మినల్ విప్పడానికి స్పానర్ ఎక్కడుందంటే వెనక సీటు కింద, గోనెసంచిలో. అది వెతికి తీసి విప్పేలోపు ఈ మూరెడు ముక్క ఇలా అయింది. ఎవరికీ ఏమీ కాలేదు. పెట్రోల్ పైపు ఇంకో జానెడు దూరంలో ఉంది కాబట్టి ఇవాళ ఇది నవ్వుతూ చెబుతున్నాను.

తర్వాత డాష్‌బోర్డ్ కింద చూస్తే నా ఫ్యూజ్ చెక్కుచెదరలేదు. కొత్తదానిలా మెరుస్తోంది. ఈ ఎపిసోడ్ అంతా ఆ ఒక్క ఫ్యూజ్ గురించే అనుకోండి. మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతాయి.

అసలు ఇక్కడ రేడియో ఎందుకు?

"ఫోన్ ఉంది కదా అన్నా" అని కామెంట్ పెట్టబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. మా ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. అప్పుడు నేను బీటెక్ చదువుతున్నాను, ఊళ్లో లేను. అమ్మకి ఫోన్ చేస్తే కలవదు. నాన్నకి చేస్తే కలవదు. పక్కింటివాళ్లకీ అంతే. రెండో రోజు సాయంత్రం మా బావ కొంత దూరం బైక్ మీద, చెట్లు అడ్డం పడిన చోట నడిచి, సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి ఫోన్ చేశాడు. "అందరం బాగున్నాం రా, ఇల్లు సగం పోయింది" అన్నాడు. ఆ ఒక్క మాట నాకు చేరడానికి రెండు రోజులు పట్టింది.

సెల్ టవర్ నిలబడి ఉన్నా లాభం లేదు. కరెంటు పోతే దాని కింద బ్యాటరీ కొన్ని గంటలే వస్తుంది. జనరేటర్ ఉంటే డీజిల్ కావాలి, డీజిల్ రావాలంటే రోడ్డు కావాలి, రోడ్డు మీద చెట్లు. టవర్‌ని మిగతా నెట్‌వర్క్‌తో కలిపే కేబుల్ తెగితే అదీ పోయినట్టే. రేడియోకి ఇవేవీ అక్కర్లేదు. ఇటు ఒక సెట్, అటు ఒక సెట్, మధ్యలో గాలి. జీపులో ఉంటే ఇంకో సౌకర్యం: బ్యాటరీ, దాన్ని చార్జ్ చేసే ఇంజన్ రెండూ మనతోనే ఉంటాయి.

ఇది ఊహ కాదు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ అనే హ్యామ్ రేడియో ఆపరేటర్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. అభిరుచి కోసం అండమాన్ నుంచి ప్రసారాలు చేయడానికి వెళ్లిన టీమ్ అది. ఫోన్లు పోయాక అదే రేడియోతో బయటి ప్రపంచానికి కబుర్లు అందించారు. సరదాగా నేర్చుకున్న పని అవసరానికి అలా పనికొచ్చింది.

ఏ రేడియో? ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తారు

అమెరికా ఆఫ్‌రోడ్ వీడియోల్లో జీపుకి పొడుగాటి యాంటెన్నా, చేతిలో స్ప్రింగ్ వైరున్న మైకు కనిపిస్తాయి కదా, అది సీబీ. సిటిజన్స్ బ్యాండ్. 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అక్కడ 1958లో ఈ బ్యాండ్ తెరిచారు. 1973 చమురు సంక్షోభం టైంలో ఏ బంకులో డీజిల్ ఉందో, ఎక్కడ పోలీసులున్నారో లారీ డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకుంటూ దీన్ని ఫేమస్ చేశారు. 1977 నుంచి 40 ఛానళ్లు వచ్చాయి.

మన దేశంలోనూ 27 మెగాహెర్ట్జ్ దగ్గర లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్ ఉంది. 2005లో మినహాయింపు ఇచ్చారు. కానీ షరతులున్నాయి. పవర్ 5 వాట్లు దాటకూడదు, యాంటెన్నా సెట్‌లోనే కలిసి ఉండాలి. అంటే చేతిలో పట్టుకునే సెట్ అనుకోండి. జీపు మీద రెండున్నర మీటర్ల యాంటెన్నా పెట్టే అమెరికా పద్ధతి ఆ మినహాయింపులోకి రాదు. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కాబట్టి లీగలే అనుకోకండి. లైసెన్స్ వివరాలు చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఈ-కామర్స్ కంపెనీలకి నోటీసులిచ్చి, గైడ్‌లైన్స్ కూడా తెచ్చింది.

మన తీరంలో ఇంకో డౌట్ కూడా వస్తుంది. "బోట్లలో ఉండే వీహెచ్ఎఫ్ సెట్ జీపులో పెట్టుకోవచ్చా?" వద్దు. అది మెరైన్ బ్యాండ్. అందులో ఛానల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్, సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్లు పిలిచే ఛానల్. ఒడ్డు మీద జీపులోంచి మనం దానిలో కబుర్లు చెబితే, అక్కడ వేటకెళ్లినవాళ్ల కేక వినపడదు.

మరి దారేంటి? హ్యామ్ లైసెన్స్. టెలికాం శాఖలో డబ్ల్యూపీసీ అనే విభాగం పరీక్ష పెడుతుంది. 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడ్లు. రిస్ట్రిక్టెడ్‌కి మోర్స్ కోడ్ అక్కర్లేదు. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే సిలబస్ కొండేమీ కాదు. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఉంది, శిక్షణ కూడా ఇస్తారు. నాకు లైసెన్స్ ఉంది, మా బావ చదువుతున్నాడు. ఈ జీపులో ఉన్నది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేసే 50 వాట్ల సెట్. మీ లైసెన్స్‌లో వాహనం గురించి ఏం రాసుందో చదువుకుని మరీ బిగించండి.

ఇక వైరింగ్. సీబీ అయినా హ్యామ్ అయినా 12 వోల్టుల జీపులో సూత్రాలు ఒక్కటే. కరెంటే తేడా.

వైరు ఎంత లావు? ఒక చిన్న లెక్క

5 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. 50 వాట్ల సెట్ 10 నుంచి 12 దాకా లాగుతుంది. వినేటప్పుడు ఏదైనా అర ఆంపియర్ చుట్టుపక్కలే.

బ్యాటరీ నుంచి సెట్‌కి నాలుగు మీటర్లు అనుకోండి. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, కాబట్టి ఎనిమిది మీటర్ల రాగి. 12 ఆంపియర్లు వెళ్తుంటే 1 స్క్వేర్ ఎం.ఎం. వైరులో సుమారు 1.7 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 అయితే 0.7. 4 అయితే 0.4. ఇంజన్ ఆపి ఉంటే బ్యాటరీ దగ్గర ఉండేదే 12.5 వోల్టులు. సన్న వైరు పెడితే సెట్‌కి చేరేది 10.8. చాలా సెట్లు 11.7 కంటే తగ్గితే సరిగ్గా పనిచేయవు. మైకు నొక్కగానే సెట్ ఆఫ్ అయిపోతోందని కంప్లైంట్ చేసేవాళ్లలో చాలామందికి సెట్ బాగానే ఉంటుంది, వైరు సన్నం.

అందుకే 50 వాట్ల సెట్‌కి 4 స్క్వేర్ ఎం.ఎం. తీసుకోండి. సన్న పోగులు చాలా ఉన్న మల్టీస్ట్రాండ్ వైరే కావాలి, బండ్లకి వాడే రకం. ఒకే లావు తీగ ఉన్న ఇంటి వైరు జీపు అదురుకి విరుగుతుంది, ఇంజన్ వేడికి దాని తొడుగు మెత్తబడుతుంది. నేను చేసిన మొదటి తప్పు అదే.

ఫ్యూజ్ ఎవరి కోసం?

ఆ రోజు జీపుని తాడు కట్టి లాక్కొచ్చాక, మా ఊళ్లో బండ్ల వైరింగ్ చేసే బాబాయ్ బానెట్ ఎత్తి ఒక్క చూపు చూశాడు.

"ఫ్యూజు ఎక్కడ పెట్టినావు?"

"సెట్ దగ్గర బాబాయ్. సెట్ కాలిపోకుండా."

"సెట్టు సంగతి తర్వాత. బేటరీ కాడ నుంచి ఆ ఫ్యూజు దాకా ఉన్న వైరుకి దిక్కెవరు? మంట ఈడ పుడితే నీ ఫ్యూజు ఆడ కూకుని సూస్తాది."

నాలుగేళ్ల బీటెక్‌లో ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

జరిగింది ఇది. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకులో చిల్లు చేసి వైరు లోపలికి తెచ్చాను. చిల్లు అంచుకి రబ్బరు గ్రోమెట్ పెట్టలేదు. జీపు అదిరినప్పుడల్లా రేకు అంచు కత్తిలా తొడుగుని కోసింది. చివరికి రాగి రేకుకి తగిలింది. జీపు బాడీ అంతా బ్యాటరీ నెగటివ్‌కి కలిసి ఉంటుంది. అంటే బ్యాటరీ పాజిటివ్, రెండు మీటర్ల వైరు, బాడీ, మళ్లీ బ్యాటరీ. అడ్డం ఏమీ లేదు. లెక్కేస్తే 300 ఆంపియర్లు దాటొచ్చు. ఆ రెండు మీటర్ల వైరులో పుట్టే వేడి సుమారు 3 కిలోవాట్లు. స్నానాల గదిలో గీజర్ ఎంత వేడి ఇస్తుందో అంత వేడి, ఒక సన్న వైరు లోపల. ఆ కరెంటు నా ఫ్యూజ్ వైపు వెళ్లనే లేదు. ఇక అదెందుకు కాలుతుంది?

అందుకని గుర్తుపెట్టుకోండి. బ్యాటరీ దగ్గర పెట్టే ఫ్యూజ్ వైరుని కాపాడటానికి. పాజిటివ్ టెర్మినల్ నుంచి జానెడు లోపే ఉండాలి. సెట్ తాలూకు కేబుల్‌లో కంపెనీ ఇచ్చిన ఫ్యూజ్ ఉంటే దాన్ని కోసి పారేయకండి, అది సెట్ కోసం. రెండూ ఉండనివ్వండి.

ఎంత ఫ్యూజ్? సెట్ లాగే గరిష్ఠ కరెంటు కంటే కొంచెం ఎక్కువ, వైరు మోయగలిగినదానికంటే తక్కువ. 12 ఆంపియర్లు లాగే సెట్, 4 స్క్వేర్ ఎం.ఎం. వైరు అయితే 15 ఆంపియర్ల ఫ్యూజ్. 5 వాట్ల సెట్‌కి కంపెనీ రాసిన చిన్న ఫ్యూజే. ఫ్యూజ్ పోతే 30 పెట్టడం, సిగరెట్ పెట్టెలో రేకు చుట్టడం, రాగి పోగు కట్టడం చేశారా, ఫ్యూజ్ లేనట్టే లెక్క. ఎందుకు పోయిందో వెతకండి. స్పేర్ ఫ్యూజులు రెండు టేప్‌తో అక్కడే అంటించి ఉంచండి.

బిగించే వరస

ఒకటి. పని మొదలెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. ఎప్పుడూ నెగటివ్ ముందు విప్పాలి, చివర బిగించాలి. పాజిటివ్ ముందు విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలిందా, పెద్ద మెరుపు. బ్యాటరీ పైన హైడ్రోజన్ గ్యాస్ ఉండొచ్చు, అక్కడ నిప్పురవ్వ వద్దు. చేతికి ఉంగరం, మెటల్ వాచీ తీసేయండి.

రెండు. రేకులో చిల్లు. ముందు కంపెనీవాడు పెట్టిన చిల్లు, గ్రోమెట్ ఏదైనా ఖాళీగా ఉందేమో చూడండి. లేకపోతే కొత్త చిల్లు చేసి, అంచు ఆకురాయితో నున్నగా చేసి, చిల్లుకి పెయింట్ పూసి, గ్రోమెట్ పెట్టండి. పెయింట్ ఎందుకంటే మన ఉప్పు గాలికి నెల తిరక్కుండా తుప్పు పడుతుంది. డ్రిల్ చేసే ముందు అవతలి పక్క ఏముందో చూడటం మర్చిపోకండి. బ్రేక్ పైపు ఉండొచ్చు.

మూడు. వైరు దారి. సైలెన్సర్‌కి, స్టీరింగ్ రాడ్‌కి, పెడల్స్‌కి, పెట్రోల్ పైపుకి దూరంగా తీసుకెళ్లాలి. ముడతల ప్లాస్టిక్ స్లీవ్ తొడగండి. ప్రతి జానెడున్నరకి ఒక టై కట్టండి. వైరు వేలాడుతూ ఊగితే ఏదో రోజు ఏదో అంచుని వెతుక్కుంటుంది.

నాలుగు. నెగటివ్. దీన్ని చాలామంది నేరుగా బ్యాటరీ నెగటివ్ గూడ మీద బిగిస్తారు. నా సలహా, బ్యాటరీ నుంచి లావు నల్ల కేబుల్ వచ్చి బాడీకి ఎక్కడ బిగించి ఉందో, ఆ బోల్టు దగ్గర ఇవ్వండి. కారణం చెబుతాను. పాత జీపుల్లో ఇంజన్‌ని బాడీకి, బ్యాటరీకి కలిపే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి తెగిపోతుంటుంది. అప్పుడు స్టార్టర్ మోటార్ లాగే వందల ఆంపియర్లు తిరిగి రావడానికి వేరే దారి వెతుక్కుంటాయి. మీ సెట్ నెగటివ్ వైరు నేరుగా బ్యాటరీ మీద ఉంటే, యాంటెన్నా కేబుల్ మీదుగా, సెట్ మీదుగా ఆ వైరులోంచే వస్తాయి. కొత్త బండ్లకి ఇంకో కారణం ఉంది. నెగటివ్ గూడ మీదే కరెంటు కొలిచే సెన్సర్ ఉంటుంది. దాన్ని దాటేసి వైరు ఇస్తే బండి లెక్క తప్పుతుంది.

ఐదు. జాయింట్లు. మెలిపెట్టి నల్ల టేప్ చుట్టడం బంద్. రాగి లగ్గు పెట్టి, క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, పైన హీట్ ష్రింక్ వేయండి. నోటితో తొడుగు పీకి, కటింగ్ ప్లయర్‌తో నొక్కిన లగ్గు ఇవాళ గట్టిగానే ఉంటుంది, ఆరు నెలలకి లోపల ఆకుపచ్చ పొడి కనిపిస్తుంది. తీరం కదా, రాగికి చిలుం త్వరగా పడుతుంది. వదులైన జాయింట్ వేడెక్కుతుంది. అది ఇంకో రకం మంట, దాన్ని ఫ్యూజ్ కూడా ఆపలేదు. ఎందుకంటే కరెంటు మామూలుగానే ఉంటుంది.

ఆరు. ఆన్, ఆఫ్. నేరుగా బ్యాటరీ మీద పెడితే సెట్ ఆపడం మర్చిపోయిన రోజు బ్యాటరీ దిగిపోతుంది. రిలే పెడితే తాళంచెవి తీయగానే సెట్ ఆగిపోతుంది. రిలేలో 30 నంబర్ పిన్‌కి ఫ్యూజ్ నుంచి వచ్చే వైరు, 87కి సెట్, 86కి తాళంచెవితో వచ్చే సన్న వైరు, 85కి బాడీ. కానీ తుపాను రోజుల్లో ఇంజన్ ఆపి గంటల తరబడి వింటూ కూర్చోవాలి. అందుకే నేను రిలే బదులు డాష్‌బోర్డ్ కింద 20 ఆంపియర్ల స్విచ్ ఒకటి పెట్టాను. జీపు దిగేటప్పుడు హ్యాండ్‌బ్రేక్‌తో పాటు అదీ చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. మీకు మతిమరుపుంటే రిలే బెటర్.

సెట్ ఎక్కడ పెట్టాలి?

మోకాలికి తగలని చోట, రోడ్డు మీద చూపుకి అడ్డం రాని చోట పెట్టండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో అది తెరుచుకునే దారిలో సెట్ గానీ మైకు గానీ వైరు గానీ ఉండకూడదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే సెట్ రాయిలా మొహం మీదకి వస్తుంది. బ్రాకెట్‌ని ప్లాస్టిక్‌కి కాకుండా లోహానికి బోల్టుతో బిగించండి. సెట్ వెనక రెక్కలు వేడి బయటికి పంపడానికి, వాటిని గుడ్డతో కప్పకండి.

డ్రైవర్ మైకు పట్టుకుని మాట్లాడటం వద్దు. బండి నడుపుతూ చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడితే మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందకి వస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లు మాట్లాడాలి, లేదా బండి ఆపి మాట్లాడాలి.

యాంటెన్నా

యాంటెన్నా పొడవు మన ఇష్టం కాదు, తరంగం నిర్ణయిస్తుంది. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 11 మీటర్లు, దానిలో పావు వంతు సుమారు రెండుంపావు నుంచి రెండున్నర గజాలు కాదు, రెండుముప్పావు మీటర్లు. గజాలు అనేశాను, సారీ. ఆ పొడవుతో జీడితోటలో ఒక్క మలుపు కూడా తిరగలేరు. 145 మెగాహెర్ట్జ్‌కి పావు వంతు అర మీటరే. ఉద్దానంలో కొమ్మలు నేల మీదకి వాలి ఉంటాయి కాబట్టి మాకు ఈ పొట్టిదే నయం.

పావు తరంగం యాంటెన్నాకి కింద లోహపు నేల కావాలి. జీపు రేకు టాప్ మధ్యలో పెడితే బెస్ట్. కాన్వాస్ టాప్ అయితే బానెట్ అంచున బ్రాకెట్ పెట్టండి. బ్రాకెట్ కింద పెయింట్ గీకి లోహానికి లోహం తగిలించి, బిగించాక పైన గ్రీజు పూయండి. లేకపోతే తుప్పే మధ్యలో కూర్చుంటుంది. మాగ్నెట్ బేస్ ఈజీయే, కానీ కింద ఇసుక చేరి రేకుని గీకేస్తుంది, కొమ్మ తగిలితే ఊడిపోతుంది.

కేబుల్ కనెక్టర్ మీద నీళ్లు చేరకుండా సాగదీసి చుట్టే రబ్బరు టేప్ వేయండి. లోపలికి వెళ్లే చోట కేబుల్‌ని కిందకి ఒక వంపు తిప్పండి, వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది.

మాట్లాడే ముందు ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ పెట్టి చూడాలి. మనం పంపిన పవర్‌లో ఎంత వెనక్కి వస్తుందో చెప్పే కొలత ఇది. 1.5 ఉంటే వెనక్కి వచ్చేది 4 శాతం. 2 అయితే 11 శాతం. 3 అయితే 25 శాతం. 2 దాటితే ఆగి యాంటెన్నా పొడవు, ఎర్త్, కనెక్టర్ చూడండి. 3 దగ్గర మొండిగా మైకు నొక్కితే సెట్‌లో చివరి ట్రాన్సిస్టర్ పోతుంది. ఆ ఖర్చుకి రెండు మీటర్లు వస్తాయి.

మైకు నొక్కినప్పుడు యాంటెన్నా ఎవరూ పట్టుకోకూడదు, చర్మం కాలుతుంది. పిల్లలు చుట్టూ చేరతారు, ముందే చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం, పైన చూడండి. తోటల్లో కరెంటు తీగలు వేలాడుతుంటాయి. తుపాను తర్వాత అయితే ఇంకా కిందకి ఉంటాయి. తీగ కిందకి యాంటెన్నా ఉన్న జీపు పోనివ్వకండి. కరెంటు లేదు కదా అనుకోవద్దు, ఎప్పుడిస్తారో మీకు తెలియదు. ఉరుములు మొదలైతే యాంటెన్నా కేబుల్ సెట్ నుంచి విప్పేయండి.

మీ ప్రశ్నలు, మూడే తీసుకుంటున్నా

"సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కరెంటు తీసుకోవచ్చా?" 5 వాట్ల సెట్‌కి పర్లేదు, ఆ సాకెట్‌కి ఫ్యూజ్ ఉంటుంది. 50 వాట్లకి వద్దు. ఆ ప్లగ్గు స్ప్రింగ్ మీద ఆనుకుని ఉంటుంది, అదురుకి వదులై వేడెక్కుతుంది.

"బారువ నుంచి పలాస దాకా వినపడుతుందా?" జీపు నుంచి జీపుకి ఆశించొద్దు. రెండు మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకి రేడియో చూపు ఆరు కిలోమీటర్లలోపే. రెండు జీపులకి కలిపి పదకొండు చిల్లర, అదీ మైదానంలో. తోటల్లో తగ్గుతుంది. ఒక ఇంటి దగ్గర 15 మీటర్ల గొట్టం మీద యాంటెన్నా ఉంటే జీపుతో 20 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. అందుకే జీపు ఒక్కటే సరిపోదు, అవతల వినేవాళ్లుండాలి, వాళ్లకీ లైసెన్స్ ఉండాలి. ఫ్రెండ్స్ నలుగురు కలిసి పరీక్ష రాయమని చెప్పేది అందుకే.

"ఇంజన్ ఆపి ఎంతసేపు వాడొచ్చు?" 45 ఆంపియర్-అవర్ బ్యాటరీలో మూడో వంతు, అంటే 15 వాడుకుందాం. వినడానికే అయితే 30 గంటలు. 12 ఆంపియర్లతో మాట్లాడితే గంటా పావు. కాబట్టి ఎక్కువ వినండి, తక్కువ మాట్లాడండి. సెట్‌లో పవర్ తగ్గించే బటన్ ఉంటుంది. 5 వాట్లతో పని జరిగితే 50 ఎందుకు?

ఇప్పుడు ఒకసారి పరీక్ష చేద్దాం. నెగటివ్ బిగించాను. స్విచ్ ఆన్. సెట్ వెలిగింది. ఇప్పుడు మైకు నొక్కి అర నిమిషం మాట్లాడి, వైరు మీద, ఫ్యూజ్ హోల్డర్ మీద, ప్రతి లగ్గు మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను. ఎక్కడైనా వెచ్చగా తగిలితే ఆ జాయింట్ మళ్లీ చేయాలి. ఇక్కడ అన్నీ చల్లగానే ఉన్నాయి. నెల తర్వాత, వానాకాలం ముందు, తుపాను కబురు రాగానే మళ్లీ ఇలాగే చూడాలి. మనకి తుపాన్లు అక్టోబర్, నవంబర్‌లలో ఎక్కువ. సెప్టెంబర్‌లో ఒక ఆదివారం దీనికి పెట్టుకోండి.

చివరగా, స్పానర్. అది ఇప్పుడు డ్రైవర్ సీటు పక్కన క్లిప్పులో ఉంది, గోనెసంచిలో కాదు. దాని పక్కనే చిన్న మంటలార్పే సిలిండర్. ఈ కాలిన ముక్కని బావ అద్దానికి వేలాడదీస్తానంటున్నాడు, నిమ్మకాయలు మిరపకాయల పక్కన. ఉండనివ్వండి, దిష్టి తీస్తుందో లేదో గానీ ఫ్యూజ్ ఎక్కడుండాలో మాత్రం గుర్తు చేస్తుంది.

ఈ వారం మీ బండి బానెట్ ఎత్తండి. తర్వాత బిగించిన ప్రతి వైరూ, హారన్‌ది, ఫాగ్ లైట్‌ది, పాటల సిస్టమ్‌ది, బ్యాటరీ నుంచి ఎంత దూరంలో ఫ్యూజ్ ఉందో చూసి కామెంట్‌లో చెప్పండి. జానెడు దాటితే ముందు అది సరిచేయండి, రేడియో తర్వాత. ఉంటాను మరి.